ఎడారిలో వానప్రస్థం

పెద్దతనం వచ్చినప్పుడు మనిషి ఎక్కడ ఉండాలి? ఈ ప్రశ్న నిన్న మొన్నటిది కాదు. ముఖాన ముడతలు పడి, తల నెరిసి, కొడుకు బిడ్డను కళ్ళారా చూచిన పిమ్మట గృహస్థు అడవికి పోవలెనని మనువు విధించాడు. ఆ విధిని అక్షరాలా పాటించినవారు ఎందరో చెప్పలేము గాని, మన పల్లెల్లో ముసలివారి వానప్రస్థం చాలావరకు వీధి అరుగు మీదనే గడిచింది. మనుమలకు కథలు చెప్పడం, పొలం నుంచి వచ్చిన కొడుక్కు అడగని సలహాలు ఇవ్వడం, సాయంకాలం గుడిలో పురాణం వినడం - ఇదే వారి అరణ్యవాసం. "కృష్ణా రామా అనుకొంటూ ఒక మూల కూర్చోరాదా?" అన్న మాటలో ఆదరం ఎంత ఉన్నదో త్రోసిపుచ్చడమూ అంతే ఉన్నది.

అమెరికా దేశంలో ఈ ప్రశ్నకు 1960లో ఒక విచిత్రమైన సమాధానం లభించింది. అడవికి కాదు, ఎడారికి పొమ్మన్నది ఆ సమాధానం. ఒంటరిగా కాదు, వేలాది ఈడువారితో కలిసి పొమ్మన్నది. నారచీరలు కట్టి కందమూలాలు తినడానికి కాదు, ఈత కొట్టడానికీ, బంతి ఆడడానికీ, కుండలు చేయడానికీ, నాట్యం నేర్వడానికీ పొమ్మన్నది. ముఖ్యమైన నియమం ఒక్కటే: పిల్లలు అక్కడ కాపురం ఉండరాదు. ఆ ఊరి పేరు సన్ సిటీ. తెలుగులో చెప్పుకొంటే సూర్యనగరం. బ్రతుకంతా పిల్లల మధ్య గడిపే ఉపాధ్యాయులకు, ఆ పిల్లలకు కూడా, పిల్లలు లేని ఈ ఊరి కథ తెలుసుకోదగినది.

ఎండకు పుట్టిన నగరం

అమెరికా సంయుక్త రాష్ట్రాల నైరుతి మూలను అరిజోనా అనే రాష్ట్రం ఉన్నది. దానికి రాజధాని ఫీనిక్సు. సొనోరా ఎడారి నడుమ, చుట్టూ బోడికొండల మధ్య, విశాలమైన లోయలో ఈ నగరం పరచుకొని ఉన్నది. ఏడాదికి అక్కడ కురిసే వాన ఏడెనిమిది అంగుళాలు. మన రాష్ట్రాలలో కరవుకు మారుపేరైన అనంతపురం సీమలో కూడా దానికి దాదాపు మూడింతల వాన పడుతుంది.

ఇంతటి ఎండు నేలలో నగరం ఎలా వెలిసింది? దీనికి సమాధానం నేల పొరలలో ఉన్నది. యూరపు జాతుల వారు రావడానికి ఎన్నో శతాబ్దాలకు ముందే హొహొకమ్ అని నేడు మనం పిలిచే ఆదివాసులు సాల్ట్ నది నుంచి వందల మైళ్ళ కాలువలు త్రవ్వి, మొక్కజొన్న, చిక్కుడు, పత్తి పండించారు. ఇనుప పనిముట్లు లేవు, బండి లాగే పశువులు లేవు. రాతి పనిముట్లతో, కర్రలతో త్రవ్విన కాలువలవి. పదిహేనవ శతాబ్దపు నడిమి కాలానికి ఆ ఊళ్ళు పాడుపడిపోయాయి. 1867లో జాక్ స్విల్లింగ్ అనే అతడు ఆ పాత కాలువల జాడలు చూచి, వాటిని బాగుచేసి నీరు పారించే పనికి పూనుకొన్నాడు. పాత నాగరికత శిథిలాల నుంచి కొత్త ఊరు లేస్తున్నది గనుక, బూడిద నుంచి తిరిగి పుట్టే గ్రీకు పురాణ పక్షి పేరును దానికి పెట్టమని డారెల్ డప్పా అనే ఆంగ్లేయుడు సూచించాడు. అట్లా అది ఫీనిక్సు అయింది. 1911లో రూజ్‌వెల్ట్ ఆనకట్ట పూర్తయింది. తరువాత కొలరాడో నది నీటిని 336 మైళ్ళ దూరం కొండల మీదుగా ఎక్కించి తెచ్చే మహాకాలువ వచ్చింది. మొదట నీరు, ఆ వెనుక ఇళ్ళను చల్లబరచే యంత్రం - ఈ రెండూ కుదిరిన తరువాతనే ఎండ ఒక శాపంగా గాక సరుకుగా మారింది.

పత్తి చేలలో పట్టణం

ఎండను సరుకుగా మార్చినవారిలో మొదట చెప్పవలసిన పేరు బెన్ ష్లైఫర్. ఇతడు 1954లో ఫీనిక్సుకు వాయవ్యంగా యంగ్‌టౌన్ అనే చిన్న ఊరు కట్టాడు. పేరు యువపురం, అందులో ఉండదగినవారు మాత్రం వృద్ధులు. కొద్దిపాటి పింఛనుతో బ్రతికేవారు గౌరవంగా తలదాచుకొనే చోటు ఒకటి ఉండాలన్నది అతని తలంపు.

దానికి ప్రక్కనే, మారినెట్ అనే పేరుగల పత్తి భూములలో, డెల్ వెబ్ అనే గుత్తేదారు ఇంకా పెద్ద కల కన్నాడు. 1899లో పుట్టిన వెబ్ చదువు మధ్యలో మాని వడ్రంగి పనిలో చేరినవాడు. టైఫాయిడ్ బారిన పడి, ఒంటికి ఎండ మంచిదని ఫీనిక్సు చేరాడు. అక్కడ కట్టడాల వ్యాపారంలో కోటీశ్వరుడై, న్యూయార్కు యాంకీస్ అనే ప్రసిద్ధ బేస్‌బాల్ జట్టుకు భాగస్వామి కూడా అయ్యాడు. పెద్దవారు బంధువులను విడిచి ఎడారికి రారని చాలామంది శంకించారు. వెబ్ వినలేదు. ఇళ్ళు అమ్మి, ఆ డబ్బుతో వినోదస్థలాలు కడతానని చెప్పలేదు. ముందే ఆటస్థలం, ఈతకొలను, అంగళ్ళు కట్టి, నమూనాకు ఐదు ఇళ్ళు నిలబెట్టి, 1960 జనవరి 1న జనాన్ని రమ్మన్నాడు. మొదటి మూడు దినాలలో లక్షమంది వరకు వచ్చి చూచారని చెబుతారు. రెండు వందలకు పైగా ఇళ్ళు అప్పుడే అమ్ముడుపోయాయి. 1962లో టైమ్ వారపత్రిక ముఖచిత్రంగా వెబ్ బొమ్మ అచ్చయింది.

ఈ విజయానికి కారణం వెబ్ తెలివి ఒక్కటే కాదు. 1935లో వచ్చిన సాంఘిక భద్రతా చట్టం వలన అమెరికా కార్మికునికి ముసలితనంలో నెలనెలా కొంత రాబడి ఏర్పడింది. వైద్యం వలన ఆయుర్దాయం పెరిగింది. ఉద్యోగం ముగిసిన తరువాత పదిహేను, ఇరవై సంవత్సరాలు మిగిలే తరం చరిత్రలో అదే మొదటిది. ఆ సంవత్సరాలను ఏమి చేసుకోవాలో వారికి ఎవరూ చెప్పలేదు. వెబ్ చెప్పాడు: ఆడుకోండి అని.

సూర్యనగర దినచర్య

నేడు సన్ సిటీలో దాదాపు నలభై వేలమంది నివసిస్తున్నారు. విమానం నుంచి చూస్తే వీధులు చక్రాలు చక్రాలుగా, ఒకదానిలో ఒకటి ఇమిడిన కంకణాల వలె కనిపిస్తాయి. ఇళ్ళు ఒకే అంతస్తువి. మోకాళ్ళ నొప్పులవారికి మెట్లతో పని లేదు. నీరు పొదుపు చేయడానికి కొందరు ఇంటి ముందు పచ్చిక పెంచక గులకరాళ్ళు పరచి, వాటికి ఆకుపచ్చ రంగు వేసుకొన్న ముచ్చట ఈ ఊరికి ప్రసిద్ధమైన వింతలలో ఒకటి. గోల్ఫు ఆటలో వాడే చిన్న విద్యుత్తు బండ్లు ఇక్కడ వీధులలోనే తిరుగుతాయి. అంగడికీ, వైద్యుని వద్దకూ, ప్రార్థనకూ వాటి మీదనే పోతారు.

ఊరంతటికీ ఏడు వినోదకేంద్రాలు, ఎనిమిది గోల్ఫు మైదానాలు ఉన్నవి. ఒక గదిలో కుమ్మరి సారె తిరుగుతూంటే, మరొక గదిలో మగ్గం ఆడుతుంది. ఇంకొక చోట రంగురాళ్ళకు సానపడుతూ ఉంటారు. జీవితమంతా లెక్కలు వ్రాసిన గుమాస్తా డెబ్బయ్యవ యేట ఉలి పట్టడం నేర్చుకొంటాడు. యాభై ఐదేళ్ళు దాటినవారే చేరదగిన నృత్యబృందం ఒకటి 1979 నుంచి ఊరేగింపులలో ఆడిపాడుతున్నది. మన వద్ద ఇటువంటిది చూస్తే "ఈ వయసులో ఇదేమి చోద్యం!" అని నోరు నొక్కుకొనేవారు లేకపోలేదు. కాని వయసుకు తగినది ఏదో నిర్ణయించేది ఎవరని ఆ బృందం మనను తిరిగి ప్రశ్నిస్తుంది.

ఈ ఊరికి పురపాలక సంఘం లేదు, మేయరు లేడు. నగరంగా ఏర్పడడానికి పౌరులే ఇష్టపడలేదు. వీధులు ఊడ్చి, చెట్ల కొమ్మలు కత్తిరించే పని స్వచ్ఛంద సేవకుల దళం ఒకటి చేస్తుంది. రాత్రి గస్తీకి కూడా వృద్ధ సేవకులే పూనుకొంటారు. పన్ను తగ్గించుకోవడం ఇందులో ఒక ఉద్దేశమైతే, పనికిరానివారము కామని నిరూపించుకోవడం మరొక ఉద్దేశం.

వేసవి మాత్రం వేరు కథ. రెంటచింతల ఎండలు ఎరిగినవారికి కూడా ఆ ఎండ దుస్సహంగా ఉంటుంది. 2023లో ఫీనిక్సులో వరుసగా 31 దినాలు 43 డిగ్రీల సెంటిగ్రేడుకు పైబడిన వేడి కాసింది. నగరం ఉన్న మారికోపా కౌంటీలో ఆ ఏడాది 645 మంది ఎండ వలన మరణించినట్లు లెక్క తేలింది. చల్లని రాష్ట్రాల నుంచి చలికాలానికి మాత్రమే వచ్చేవారిని అక్కడ "హిమపక్షులు" అంటారు. వసంతం పోగానే వారు ఎగిరిపోతారు. మిగిలినవారు తెల్లవారుజామున పనులు ముగించుకొని, తలుపులు మూసి, యంత్రపు చల్లదనంలో పగలు గడుపుతారు.

చుట్టుపట్ల చూడదగినవి

చలికాలంలో ఈ లోయ ఒక పెద్ద పాఠశాల వంటిది. 1929లో హెర్డ్ దంపతులు స్థాపించిన ప్రదర్శనశాలలో నైరుతి ఆదివాసుల బుట్టలు, కుండలు, కంబళ్ళు చూడవచ్చును. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ప్రభుత్వపు వసతి బడులలో వారి భాష మాన్పించిన చరిత్రను కూడా ఆ శాల దాచకుండా చెబుతుంది. ఉపాధ్యాయుడు తలవంచుకొని చూడవలసిన భాగం అది. 2010లో తెరిచిన వాద్య ప్రదర్శనశాలలో దాదాపు 200 దేశాల, ప్రాంతాల వాద్యాలను చేర్చారు. ఏ వాద్యం ముందు నిలిస్తే దాని నాదం చెవిలోని యంత్రంలో వినిపిస్తుంది. మన దేశపు వాద్యాలకూ అందులో చోటున్నది. స్కాట్స్‌డేల్‌లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే శిల్పి 1937లో ఎడారి రాళ్ళతోనే కట్టనారంభించిన టాలియెసిన్ వెస్ట్ ఉన్నది. డెబ్బయ్యవ యేటికి చేరువలో ఉండి అతడు ఆ పని మొదలుపెట్టి, శిష్యులను చేరదీసి, పనిలోనే విద్య నేర్పాడు. వృద్ధాప్యానికి వెబ్ చూపిన దారి ఒకటైతే రైట్ చూపిన దారి మరొకటి. హొహొకమ్ కాలువల ఆనవాళ్ళు నగరం నడుమ ఉన్న పురావస్తుశాలలో భద్రంగా ఉన్నవి. 2023లో దానికి ఆదివాసుల భాషలోని సెదవ్ వఆకి అనే పేరు పెట్టారు. మార్చి నెలలో బేస్‌బాల్ జట్లు ఈ లోయకు అభ్యాసానికి వస్తాయి. 1973 నుంచి 1985 వరకు మిల్‌వాకీ జట్టు సన్ సిటీ మైదానంలోనే అభ్యసించింది.

బడి పన్ను తగవు

ఇంతవరకు చెప్పినది వెలుగు. ఇప్పుడు నీడ సంగతి.

సన్ సిటీ మొదట పియోరియా అనే ప్రక్క ఊరి బడుల పరిధిలో ఉండేది. అమెరికాలో బడి కట్టాలంటే ఆ పరిధిలోని ఇళ్ళవారు ఓటు వేసి, అప్పుకు సమ్మతించి, ఇంటిపన్ను రూపంలో తీర్చాలి. పియోరియాలో పిల్లలు పెరిగారు, బడులు చాలలేదు. కాని సన్ సిటీ జనం అంతకంటె వేగంగా పెరిగారు, వారి ఓట్లూ పెరిగాయి. 1960లలో, 1970ల మొదటి భాగంలో కొత్త బడులకు అప్పు తెచ్చే ప్రతిపాదనలు పలుమార్లు ఓడిపోయాయి. చివరకు సన్ సిటీని ఆ బడుల పరిధి నుంచే తప్పించారు. తగవు తీరింది, పన్నూ పోయింది.

వృద్ధుల వాదం త్రోసివేయదగినది కాదు. "మా పిల్లల చదువుకు మా ఊళ్ళో ఒకసారి పన్ను కట్టాము. ఇప్పుడు మా రాబడి పెరగదు, ధరలు మాత్రం పెరుగుతున్నవి" అన్నారు. నిజమే. అయితే వారు చదువుకొన్న బడి ఎవరి పన్నుతో కట్టినది? తమ పిల్లల చదువుకు పిల్లలు లేని పొరుగువారు కూడా పన్ను కట్టలేదా? బడి అప్పు కన్నబిడ్డతో తీరేది కాదు. అది తరం నుంచి తరానికి పోయే ఋణం. మనవారు చెప్పిన ఋషిఋణం వంటిది.

ఇందులో మరొక విశేషమున్నది. అమెరికా వృద్ధుల ఉద్యమానికి పునాది వేసినది ఒక ఉపాధ్యాయురాలు. కాలిఫోర్నియాలో ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయినిగా పనిచేసి విరమించిన ఎథెల్ పెర్సీ ఆండ్రస్, ఒక మాజీ ఉపాధ్యాయురాలు కోళ్ళగూటిలో తలదాచుకొని బ్రతుకుతూ ఉండగా చూచి చలించిపోయిందట. 1947లో విశ్రాంత ఉపాధ్యాయుల సంఘాన్ని, 1958లో విశ్రాంత పౌరులందరి సంఘాన్ని ఆమె స్థాపించింది. ఆ రెండవ సంఘానికి మొట్టమొదటి శాఖ వెలిసినది మరెక్కడో కాదు, సన్ సిటీ ప్రక్కనున్న యంగ్‌టౌన్‌లోనే. బడిపంతులమ్మ కరుణ నుంచి పుట్టిన ఉద్యమం వేళ్ళూనిన నేల మీదనే బడికి ఓటు కరవైనది.

ఒక మనుమని కథ

వయసు నియమం ఎంత కఠినమో యంగ్‌టౌన్‌లోనే తెలిసివచ్చింది. 1990లలో ఒక బాలుడు ఇంట బాధలు పడలేక అక్కడి తాత, అవ్వల వద్దకు వచ్చి చేరాడు. వయసు చాలని వాడు ఊళ్ళో ఉండరాదని అధికారులు పట్టుబట్టారు. మనుమనికి నీడ ఇవ్వడం నేరమైపోయింది. తగవు పైకి పోయింది. 1998లో రాష్ట్ర న్యాయాధికారి కార్యాలయం ఆ ఊరి వయసు నియమం చెల్లదని తేల్చింది. నాటి నుంచి యంగ్‌టౌన్‌లో పిల్లల సైకిళ్ళు తిరుగుతున్నవి. సన్ సిటీలో నియమం నేటికీ ఉన్నది. ఇంటికి ఒకరైనా యాభై ఐదేళ్ళు నిండినవారు ఉండాలి. పంతొమ్మిదేళ్ళ లోపువారు చుట్టపుచూపుగా కొన్నాళ్ళు ఉండవచ్చును గాని కాపురం ఉండరాదు. 1995 నాటి జాతీయ చట్టం ఇటువంటి ఊళ్ళను అనుమతిస్తున్నది.

అంతమాత్రాన సన్ సిటీవారు భవిష్యత్తును మరచినవారని తీర్పు చెప్పడం అన్యాయం. 1987 నుంచి అక్కడి పరిశోధనసంస్థ ఒకటి, మరణానంతరం మెదడును దానం చేసేవారిని చేర్చుకొంటున్నది. బ్రతికి ఉండగా ఏటేటా పరీక్షలకు కూర్చొని, పోయిన వెంటనే మెదడును అప్పగించేందుకు సమ్మతించినవారు ఎందరో ఉన్నారు. మరపురోగం, వణుకురోగం ఎలా వస్తాయో తెలుసుకోవడానికి ప్రపంచంలోని శాస్త్రజ్ఞులకు ఆ దానం ఉపకరిస్తున్నది. దాని ఫలితం దాతలకు అందదు. ఇంకా పుట్టని వారికి అందుతుంది. దధీచి వెన్నెముకను ఇచ్చిన కథ చదువుకొన్న మనకు ఈ త్యాగం విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

లోయకు ఆ దరి

ఇదే లోయకు ఆగ్నేయంగా, నలభై మైళ్ళ లోపున, చాండ్లర్ అనే ఊరున్నది. కంప్యూటరు పరిశ్రమల వలన అక్కడ తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడ్డాయి. కూతురి కాన్పుకో, మనుమల పెంపకానికో గుంటూరు నుంచి, కరీంనగరం నుంచి తల్లిదండ్రులు ఆరేసి నెలల అనుమతితో వచ్చిపోతూ ఉంటారు. వారికి ఇంటినిండా మనుమలున్నారు. కాని కొడుకూ కోడలూ పనికి, పిల్లలు బడికి పోయిన తరువాత, కారు నడపరాని ఆ తాతగారికి గడప దాటి పోయే చోటు లేదు. వీధిలో పలకరించే ఈడువాడు లేడు. లోయకు ఈ దరిని స్నేహితులున్నారు, మనుమలు లేరు. ఆ దరిని మనుమలున్నారు, స్నేహితులు లేరు. పెద్దతనానికి రెండూ కావాలి. ఏ ఒక్కటి ఇచ్చి రెండవది తీసుకొన్నా అది సగం బ్రతుకే.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. హైదరాబాదు శివార్లలోనూ నేడు వృద్ధుల కోసమే ప్రత్యేకంగా నివాసాలు కడుతున్నారు. పిల్లలు విదేశాలలో ఉన్నవారికి అవి అవసరమే. వాటిని నిందించి లాభం లేదు. కట్టేటప్పుడు గోడలు ఎంత ఎత్తున పెట్టాలి, ప్రక్కన బడి ఉండవచ్చునా, సాయంకాలం ఆ బడి పిల్లలు లోపలికి రావచ్చునా అని మాత్రం ముందే ఆలోచించవలె.

సొనోరా ఎడారిలో సగ్వారో అనే జెముడు జాతి చెట్టు పెరుగుతుంది. నలభై అడుగుల ఎత్తున, చేతులెత్తి నిలుచున్న మనిషి వలె ఉంటుంది. నూట యాభై ఏళ్ళకు పైగా బ్రతుకుతుంది. కాని మొదటి ఎనిమిదేళ్ళలో అది పెరిగేది అంగుళమో, అంగుళమున్నరో. ఆ పసి మొక్కను నేరుగా ఎండలో పెడితే మాడిపోతుంది. మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమైన మెస్కీట్ వంటి పెద్ద చెట్టు నీడలో పడిన గింజయే బ్రతికి బట్టకడుతుంది. ఆ పెద్ద చెట్టును అక్కడివారు "దాది చెట్టు" అంటారు. సగ్వారో పెద్దదయ్యేసరికి దాది చెట్టు తరచు ఎండి పడిపోతుంది. అయినా ఆ ఎడారిలో అది లేకుండా మొలిచిన సగ్వారోలు అరుదు. వేసవిలో పండు పండినప్పుడు తొహోనో ఓడమ్ ఆదివాసుల పెద్దలు పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళి, పొడవాటి గడలతో ఆ పండ్లు రాల్చి, వానను పిలిచే పండుగ చేసుకొంటారు. వారి సంవత్సరాది అదే. సూర్యనగరం గోల్ఫు మైదానాల అంచునా ఆ చెట్లున్నాయి. చెట్టును చూచి పోయేవారు ఎందరో ఉంటారు. దాని మొదట ఎండిన దాది మాను కోసం వెదకి చూచేవారు కొందరే. ఉపాధ్యాయునికి ఆ మాను ఎవరో చెప్పనక్కరలేదు.